కోర్టు కాపీకి ప్లాస్టిక్ తొడిగినవాణ్ణి

టైపింగ్ సెంటర్లో కొత్తగా కుర్చీ ఎక్కిన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. నేను బాగా చేసిన పనుల గురించి రాస్తే మీరు రెండో పేరాకే ఫోన్ చేతికి తీసుకుంటారు. అందుకని చెడగొట్టిన పని ఒకటి రాస్తున్నాను. చెడగొట్టిన రోజు ఆ మనిషి నాకు దండం పెట్టి మరీ వెళ్ళింది. చెడిందని నాకు తెలియడానికి మూడు వారాలు పట్టింది.

మాది ప్రొద్దుటూరు. మా నాయనకూ, పెదనాయనకూ, చిన్నాయనకూ ఒకే వీధిలో మూడు గుడ్డలంగళ్ళు. నాకు పలక పట్టడం కంటే ముందు బేరం పట్టుబడింది. కొనేటప్పుడు సరుకు వైపు చూడకూడదు, గోడ వైపు చూడాల. ఎదుటివాడు ఒక ధర చెప్పగానే చెప్పుల్లో కాలు పెట్టాల, రెండో ధర చెప్పేదాకా వాకిలి మాత్రం దాటకూడదు. అమ్మేటప్పుడు కొసరు వెయ్యాల. గజం గుడ్డ కొన్నవాడికి ఒక బెత్తెడు ఎక్కువ కొలిచిస్తే వాడు జన్మలో ఇంకో అంగడి మెట్టెక్కడు. మా ఇంట్లో వేదమంటే ఇదే. కువైట్లో, బ్నీద్ అల్ గార్ సందులో ఉన్న మా టైపింగ్ సెంటర్లో ఇరవై ఎనిమిదేళ్ళు కూర్చుని నేను ఆ వేదమే వల్లించాను.

టైపింగ్ సెంటరంటే తెలియని వాళ్ళ కోసం చెబుతాను. అక్కడ సర్కారు ఆఫీసుకు వెళ్ళే ప్రతి దరఖాస్తూ అరబీలో ఉండాలి. అరబీ రాని మా బోటివాళ్ళు లక్షల్లో ఉన్నారు. ఆ రెంటికీ మధ్య ఒక గది, రెండు బల్లలు, ఒక ప్రింటరు, ఒక జిరాక్సు మిషను, ఒక ల్యామినేషన్ మిషను. ఒక బల్ల నాది. రెండోది ఈజిప్టు నుంచి వచ్చిన అనువాదకుడిది. అందరం ఆయన్ను ఉస్తాద్ అనేవాళ్ళం. మూడు భాషల్లో అనువాదం చేసేవాడు, ఏ భాషలోనూ నవ్వేవాడు కాదు.

ఇక ల్యామినేషన్ మిషను. మనవాళ్ళకు ప్లాస్టిక్ మీద ఉన్న నమ్మకం మనుషుల మీద లేదు. పదో తరగతి మార్కుల లిస్టు, పెళ్ళి ఫొటో, తావీదులో పెట్టే చీటీ, అన్నీ తెచ్చి "దీనికి ప్లాస్టిక్ వెయ్యన్నా" అనేవాళ్ళు. ఒకాయన తన కఫీల్, అంటే తనకు పనిచ్చిన యజమాని, 'ఇతను మంచివాడు' అని రాసిచ్చిన కాగితం తెచ్చి వేయించుకున్నాడు. ఆ మంచితనం ఇప్పటికీ చెక్కు చెదరకుండా ఉండాలి. కాస్త పెద్ద పనితో వచ్చిన వాళ్ళకు నేను ల్యామినేషన్ కొసరుగా చేసేవాణ్ణి. మా ఓనరు ఏడాదికి రెండుసార్లు వచ్చి ప్లాస్టిక్ కవర్లు ఇన్నెందుకు అయిపోతున్నాయని అడిగేవాడు. తేమ అని చెప్పేవాణ్ణి.

కువైట్లో కుటుంబ వీసాలు చాలాకాలం మూసేసి మళ్ళీ తెరిచిన కొత్తల్లో ఒక నర్సమ్మ వచ్చింది. సాల్మియాలో ఒక ప్రైవేటు క్లినిక్కులో పని. గోదావరి వైపు మనిషి. మెళ్ళో సన్నని గొలుసుకు చిన్న శిలువ, చేతిలో బిస్కెట్ల డబ్బా. డబ్బాలో బిస్కెట్లు లేవు, కాగితాలున్నాయి.

"బాబాయ్ గారూ, మా పాపని తెచ్చుకోవాలండీ" అంది.

పాప ఊళ్ళో మిషన్ హాస్టల్లో చదువుతోంది. వీసాకు పిల్లల వయసు ఇంతకు మించకూడదని ఒక హద్దుంది. పాప ఆ హద్దు దాటడానికి ఏడు నెలలే మిగిలాయి. దాటితే ఇంక రాలేదు. తండ్రి తెచ్చుకుంటే ఒక లెక్క. తల్లి తెచ్చుకుంటే మాత్రం తండ్రి ఒప్పుకున్నట్టు కాగితమో, పిల్లను తల్లికి అప్పగించినట్టు కోర్టు డిక్రీయో కావాలి. ఆమెకు విడాకులయ్యి ఆరేళ్ళు. జిల్లా ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన డిక్రీ ఉంది. ఒట్టి జిరాక్సు కాదు, కోర్టు గుండ్రటి ముద్ర వేసి ఇచ్చిన సర్టిఫైడ్ కాపీ. దాన్ని ఊరికి పంపి, రాష్ట్రంలో ఒక ముద్ర, ఢిల్లీలో రెండు ముద్రలు వేయించి తెప్పిస్తే, ఇక్కడ ఉస్తాద్ అరబీలోకి మారుస్తాడు. అంతే పని.

డబ్బాలోంచి ఆ కాగితం తీసి ఇస్తూ, "జాగ్రత్తండీ బాబాయ్ గారూ, ఒక్కటే ఉందండీ" అంది.

"ఒక్కటే ఉందా తల్లీ? అయితే ఇట్లియ్యి" అన్నాను.

ఆమె దరఖాస్తులో సంతకాలు పెట్టేలోపల వెనక్కి తిరిగి, మిషను వేడెక్కిందో లేదో వేలితో చూసి, డిక్రీ రెండు పేజీలూ రెండు కవర్లలో పెట్టి నెట్టాను. అటువైపు నుంచి అద్దంలా మెరుస్తూ వచ్చాయి.

"అయ్యో, ఎంతండీ దీనికి?"

"నీ దగ్గర తీసుకుంటానా? కొసరనుకో."

"మీలాంటోళ్ళు ఉండబట్టేనండీ మేమిక్కడ ఉండగలుగుతున్నాం" అని చేతులు జోడించింది. నేను గోడ వైపు చూశాను. పొగడ్త కొనేటప్పుడు కూడా మాకు అదే అలవాటు.

మూడు వారాల తర్వాత ఆ ముద్రలన్నీ వేయించిపెట్టే ఢిల్లీ ఏజెంటు ఫొటో పంపాడు. మెరుస్తున్న మా కాగితం, పక్కన అతని బొటనవేలు. కింద హిందీలో ఒకే వాక్యం. ప్లాస్టిక్ మీద ముద్ర ఎక్కడ వెయ్యమంటారు?

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఈ ముద్రలన్నీ కాగితం వెనక పక్క వేస్తారు. సిరా కాగితంలోకి ఇంకాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా వేల కాగితాల వెనక ఆ ముద్రలు చూస్తూ, ప్లాస్టిక్ తొడిగిన కాగితం మీద ఒక్క ముద్ర కూడా ఎందుకు కనబడలేదో నాకెప్పుడూ తోచలేదు. మార్కుల లిస్టులకూ పెళ్ళి ఫొటోలకూ ఆ అవసరం రాలేదు కాబట్టి నా కొసరు ఇన్నాళ్ళూ బతికింది.

కాగితం తిరిగొచ్చాక ఉస్తాద్‌కు చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి, తనకొచ్చిన హిందీలో "ఇస్త్రీ" అన్నాడు.

"ఏంది?"

"ఇస్త్రీ పెట్టె పెట్టు, ప్లాస్టిక్ కరుగుతుంది, ఊడుతుంది. యల్లా, యా సదీక్." కానియ్ మిత్రమా అని.

షట్టరు సగం దించి, ఇద్దరం ముసలివాళ్ళం వెనక గదిలో ఒక ఆడకూతురి విడాకులకు ఇస్త్రీ చేశాం. ప్లాస్టిక్ ఊడింది. ఊడుతూ ఊడుతూ కోర్టు గుండ్రటి ముద్రను తనతో పట్టుకుపోయింది. న్యాయమూర్తి సంతకంలో సగం కాగితం మీద, సగం ప్లాస్టిక్ మీద.

"ఖలాస్" అన్నాడు ఉస్తాద్. అయిపోయింది అని. అందులో అనువదించడానికి ఏమీ లేదు.

మర్నాడు ఆమెకు చెప్పాను. అబద్ధం చెప్పే తెలివి నాకుంది, దాచను. ఢిల్లీలో పాడుచేశారని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె డ్యూటీ దుస్తుల్లోనే, బస్సు దిగి పరుగున వచ్చింది. ఆ మనిషి మొహం చూస్తూ బేరం పెట్టలేకపోయాను.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బల్ల మీద ఆ రెండు కాగితాలూ చేత్తో సాపు చేస్తూ, "ఇంకోటి ఇస్తారాండీ కోర్టోళ్ళు?" అంది.

"ఎందుకియ్యరు? నీ కేసు, నీ కాపీ. మీ అన్నదమ్ములెవరినన్నా పంపు తల్లీ, వారంలో పని."

అప్పుడు చెప్పింది. "ఊళ్ళో ఎవరికీ తెలీదండీ. మా ఆయన మస్కట్లో ఉన్నాడనే అందరూ అనుకుంటారు. మా తమ్ముడికి పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు మా అమ్మ అలా చెప్పిందండీ, ఇంక దాన్నే నిలబెట్టాల్సొచ్చింది. పాపకీ అదే చెప్పాం. మా ఊరోళ్ళు కోర్టుకెళ్ళి నా పేరడిగితే సాయంత్రానికి చర్చి మైకులో చెప్పినట్టేనండీ."

ఆ కేసు నడిపిన వకీలు కాలం చేశాడు. ఇంక మిగిలింది నేను. "నేను తెప్పిస్తా" అన్నాను, మళ్ళీ గోడ వైపు చూస్తూ.

నా చేతిలో ఉన్న ఆయుధం ప్రొద్దుటూరులో ఉన్న నా బామ్మర్ది. ఆలస్యం అతని వృత్తి, అలిగి కూర్చోవడం పక్క వ్యాపారం. కానీ ఖాళీగా ఉన్నాడు, గోదావరి జిల్లాల్లో ఎవరికీ తెలియని మొహం. ఆ రెండూ చాలు.

కాగితం మీద కోర్టు ఏ ఊళ్ళో ఉందో స్పష్టంగా ఉంది. పాత జిల్లా కేంద్రం. నేను దాన్ని చదివి, నవ్వి, పక్కన పెట్టాను. రాష్ట్రంలో జిల్లాలను చీల్చి కొత్త జిల్లాలు చేశారు కదా. ఆమె ఊరు ఇప్పుడు కొత్త జిల్లాలో ఉంది.

"కాగితం మీద పాత ఊరే ఉంది కదండీ" అంది ఆమె ఫోన్లో.

"నీకు తెలీదు తల్లీ. అన్నదమ్ములు వేరుపడితే అంగట్లో సరుకు గూడా వేరుపడుతుంది. నీ ఊరు కొత్త జిల్లా వాటాకొచ్చింది. నీ ఫైలు గూడా ఆ వాటాలోనే ఉంటుంది."

మా నాయనావాళ్ళు ముగ్గురన్నదమ్ములూ అంగళ్ళు పంచుకున్న రోజు నేను కళ్ళారా చూసినవాణ్ణి. తిరుగులేని తర్కం. బామ్మర్ది ఒక రాత్రంతా బస్సులో కూర్చుని కొత్త జిల్లా కేంద్రానికి పోయినాడు. మధ్యాహ్నం ఫోన్.

"బావా, ఈడ కలెక్టరు ఉండాడు, ఎస్పీ ఉండాడు, కొత్త బోర్డు ఉండాది. నీ కోర్టు మాత్రం లేదు."

"సరిగ్గా అడిగినావా?"

"నలుగుర్ని అడిగినా. జిల్లాలు చీలినాయంట గానీ ఫ్యామిలీ కోర్టు చీల్లేదంట. అది పాత ఊర్లోనే ఉండాదంట. ఇంకోటి బావా, ఈళ్ళు పప్పుచారులో గూడా బెల్లం ఏస్తాండారు. నేను ఈడ ఇంకో పూట ఉండలేను."

ఇంకో పూట కాదు, నాలుగు నెలల్లో అతను ఆ వైపుకు ఐదుసార్లు పోయినాడు. బెల్లం గురించి ఐదుసార్లూ చెప్పినాడు.

పాత జిల్లా కేంద్రంలో కోర్టు దొరికింది, కాపీలిచ్చే సెక్షను దొరికింది. మా వాడు దరఖాస్తు ఫారం తీసుకుని, దరఖాస్తుదారు అన్నచోట తన పేరు రాసినాడు. ఎందుకంటే దరఖాస్తు పెడుతున్నది తను కదా. కేసుతో సంబంధం అన్నచోట 'మా బావ చెప్పినాడు' అని రాసినాడు. నాకు నవ్వే హక్కు లేదు. అట్లా రాయమని ఫోన్లో చెప్పింది నేనే, మాటలు కొంచెం మారాయంతే. దాన్ని తిప్పి పంపినారు. అది మొగుడూ పెళ్ళాల కేసు, బయటివాళ్ళడిగితే ఇవ్వరు, కేసులో పార్టీ అయినా అడగాలి, పార్టీ వకీలైనా అడగాలి అన్నారట.

నాకు మాత్రం ఇది బేరంలో మొదటి మాట లాగే వినబడింది. చెప్పుల్లో కాలు పెట్టమన్నాను.

"కాపీ వద్దు, ఊరికే చూపించమను. చూపిస్తే ఫొటో తీసుకో."

"చూపించరంట."

"పోనీ చివరి పేజీ ఒక్కటే ఇమ్మను. మొత్తం ఎవరికి కావాల?"

"బావా, వాళ్ళు నవ్వుతాండారు."

"నవ్వితే మెత్తబడినట్టే. వాకిలి దాకా పోయి నిలబడు."

నిలబడినాడు. కోర్టు వాకిలి దగ్గర ఒక మనిషి నిలబడితే పిలిచి రెండో ధర చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరని ఆ సాయంత్రం ఐదింటికి, తాళాలేసేటప్పుడు, మా ఇద్దరికీ తెలిసింది.

అప్పటికి రెండున్నర నెలలు పోయాయి. కువైట్లో సెలవూ చర్చీ శుక్రవారమే; ఆమె ప్రతి శుక్రవారం చర్చి నుంచి నేరుగా మా సెంటరుకు వచ్చేది. కుర్చీ చివర కూర్చుని ఏమీ అడిగేది కాదు. ఒకసారి మాత్రం, "పాప పొడుగైపోతోందండీ, హాస్టలు వార్డెనమ్మ ఫొటో పెట్టింది, గౌను మోకాళ్ళ పైకొచ్చేసింది" అంది. ఉస్తాద్ లేచిపోయి టీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆయన ఇంకొకరికి టీ తేవడం నేను చూడటం అదే మొదటిసారి.

బుద్ధిగా మొదలుపెట్టాం. దరఖాస్తు మీద ఆమె సంతకం, కాపీని మా బామ్మర్ది చేతికివ్వొచ్చని ఆమె రాసిన పత్రం, దానికి రాయబార కార్యాలయం ముద్ర. సెలవుకు పోయే ఒక డ్రైవరన్న చేతికిచ్చి పంపాం. ఈసారి దరఖాస్తు తీసుకున్నారు, నంబరు వేశారు. నేను సెంటర్లో అందరికీ మిఠాయి పంచాను.

పదిహేను రోజులు గడిచాయి. ఇరవై గడిచాయి.

"ఏమైంది రా?"

"ఫోన్ చేస్తారని చూస్తాండా బావా."

"చేస్తామన్నారా?"

"అనలేదు. చేస్తారనుకున్నా."

మళ్ళీ తోలాను. పోయి చూస్తే దరఖాస్తు కొట్టేసి ఉంది. కాపీ తియ్యడానికి ఎన్ని స్టాంపులు కావాలో లెక్కేసి, ఆ జాబితా నోటీసు బోర్డుకు అంటిస్తారు. అది చూసి చెప్పిన గడువులోపల స్టాంపులు కట్టాలి. కట్టకపోతే దరఖాస్తు అక్కడితో ముగిసిపోతుంది. మా వాడు ఫోన్ ఒళ్ళో పెట్టుకుని ప్రొద్దుటూరులో కూర్చున్నాడు. జాబితా బోర్డు మీద ఎండింది.

పాప హద్దుకు రెండు నెలల పది రోజులు. ముద్రలకే ఒక నెల పోతుంది. ఆ శుక్రవారం ఆమెకు ఈ ముక్క చెప్పినప్పుడు మొదటిసారి ఆమె గొంతు లేచింది.

"బాబాయ్ గారూ, మీరు అందరితోనూ బేరమాడతారేంటండీ? కోర్టుతో కూడానా? నేను రాత్రీ పగలూ సూదులు పొడుస్తానండీ. నరం ఎక్కడుందో అక్కడే పొడవాలి. ఇటు ఇస్తావా అటు ఇస్తావా అని నరాన్నడగం."

ఉస్తాద్‌కు తెలుగు రాదు. అయినా తల పైకెత్తి, నా వైపు చూసి, అవునన్నట్టు ఊపాడు.

కువైట్లో మాకు ఆదివారం పనిరోజే కాబట్టి, ఆ రోజు కోర్టుకు సెలవని కూడా చూసుకోకుండా, మేము షట్టరు తియ్యకముందే అక్కడ దిగేట్టు బామ్మర్దిని తోలి ఉన్నాను. ఒక రోజంతా లాడ్జిలో బెల్లం పప్పుచారు తిని, సోమవారం కోర్టుకు పోయినాడు. కాపీల సెక్షనులో పెద్దామె ముందు నిలబడి ఫోన్ ఆమె చేతికిచ్చినాడు. "మా బావ కువైట్ నుంచి మాట్లాడతాడంట మేడమ్" అనడం నాకు వినిపించింది.

"ఎవరండీ?" అంది ఆమె. రోజుకు నూరుమందికి లేదని చెప్పి అరిగిన గొంతు.

"నమస్కారమమ్మా. ఆ డిక్రీ కాపీ విషయం..."

"మీరు పార్టీయా?"

"కాదమ్మా."

"వకీలా?"

"కాదు."

"బంధువులా?"

బాబాయిని అని చెప్పబోయాను. ఆ నర్సమ్మ నన్ను నిజంగానే అట్లా పిలుస్తుంది కదా. కొంచెం సాగదీస్తే అబద్ధం కూడా కాదు. నోట్లో ఆ మాట తిరుగుతుండగానే ఎందుకో నాకు నా మీద విసుగు పుట్టింది.

"కాదమ్మా. ఆ కాపీకి ప్లాస్టిక్ తొడిగినవాణ్ణి."

"ఏం తొడిగారూ?"

మొత్తం చెప్పాను. కొసరు, ఇస్త్రీ పెట్టె, ఊడిపోయిన గుండ్రటి ముద్ర, వాటాల తర్కం, కోర్టు వాకిట్లో బామ్మర్ది. పాప వయసూ చెప్పాను. మస్కట్ మాట మాత్రం చెప్పలేదు, అది నాది కాదు. చెబుతుంటే అవతల నవ్వు మొదలైంది. ఫోన్ స్పీకర్లో పెట్టినట్టుంది, ఇంకో ముగ్గురి నవ్వులు కలిశాయి. ఒకాయన "ఇస్త్రీ చేశారంటండీ, ఆయ్!" అని పక్క గదికి కూడా కబురు పంపాడు. వెనక మా బామ్మర్ది నవ్వు కూడా వినబడింది. వాడి లెక్క తర్వాత తేలుద్దామనుకున్నాను.

నవ్వు తగ్గాక ఆమె గొంతు మారిపోయింది. "రాసుకోండి" అంది. "పాత దరఖాస్తు పోయింది, దాన్ని లేపలేం. ఆ అమ్మాయి సంతకంతో కొత్తది పెట్టండి. చివరి పేజీ, మొదటి పేజీ అని ఏరకండి. ఆర్డరూ డిక్రీ రెండూ అడగండి, రెండేసి కాపీలు అడగండి. అర్జంటు అని రాసి, ఎందుకో ఒక్క లైను రాయండి. పిల్ల వయసు అని రాస్తే చాలు. తర్వాత మీవాణ్ణి ఎక్కడికీ పంపకుండా బోర్డు ముందు కూర్చోబెట్టండి."

"అమ్మా, మీకు ఏమన్నా..."

"ఆ మాట పూర్తి చేశారంటే ఫోన్ పెట్టేస్తాను."

పూర్తి చెయ్యలేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో నేను మధ్యలో మింగేసిన బేరం అదొక్కటే.

సంతకం చేసిన ఖాళీ ఫారాలు ముందుజాగ్రత్తగా రెండు ఎక్కువ పంపి ఉన్నాం. అది నా తెలివి కాదు, నర్సమ్మది. ఆ రోజే కొత్త దరఖాస్తు పడింది. బామ్మర్ది పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదు దాకా నోటీసు బోర్డు ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు. మూడో రోజుకు అక్కడికొచ్చే పల్లెటూరివాళ్ళు వాణ్ణి కోర్టు మనిషనుకుని నంబర్లు చెప్పి అడగడం మొదలుపెట్టినారు. వీడూ బోర్డు చూసి చెప్పడం మొదలుపెట్టినాడు. జీవితంలో మొదటిసారి వాడికొక ఉద్యోగం దొరికినట్టయింది. స్టాంపుల జాబితా పడిన గంటలో కట్టేశాడు. తొమ్మిదో రోజుకు కాపీలు చేతికొచ్చాయి. ఊరికి బయల్దేరుతూ ఫోన్ చేసి, "బావా, అలవాటైతే బెల్లం అంత బాగలేకుండా ఏం లేదు" అన్నాడు.

ఈసారి వాటిని బ్రౌన్ కవర్లో, కవరును రెండు అట్టల మధ్య పెట్టి పంపించాను. రాష్ట్రం ముద్ర, ఢిల్లీ ముద్రలు, కువైట్ విదేశాంగం ముద్ర. ప్రతి ఆఫీసులోనూ కాగితం తిప్పి వెనక చూశారు, ముందున్న ఆఫీసు ముద్ర సరిగా ఉందో లేదో చూశారు, దాని పక్కన తమది కొట్టారు. ముందు పక్క ఏం రాసుందో చదివింది ఉస్తాద్ ఒక్కడే, అది ఆయన పని కాబట్టి. చదివి, అరబీలో నాలుగు పేజీలు చేసి, ఆమె దగ్గర పైకం తీసుకోలేదు. అడిగితే "ఇస్త్రీ నా సలహా" అన్నాడు.

పాప పుట్టినరోజుకు పదకొండు రోజులుండగా వీసా వచ్చింది.

పాప దిగిన నాలుగో రోజు తల్లీకూతుళ్ళు మా సెంటరుకు వచ్చారు. ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డు కోసం దరఖాస్తు టైపు చెయ్యాలి. పాప సన్నగా, తల్లి భుజం దాకా ఉంది. కొత్త చెప్పులు. నన్ను చూపించి "తాతయ్య" అని పరిచయం చేసింది తల్లి. ఫైలు తెరిచి కాగితాలన్నీ నా బల్ల మీద పరిచి, ఫొటోలు జిరాక్సు తీసుకోవడానికి మిషను దగ్గరికి వెళ్ళింది.

నేను కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాను. పాప బల్ల మీద ఉన్న డిక్రీ చేతిలోకి తీసుకుంది. అందరిలాగా వెనక్కి తిప్పలేదు. ముందు పక్క, పై నుంచి చదవడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు మీడియం పిల్ల, వేలు పెట్టకుండా చదువుతోంది.

లాక్కోవాలి. ఏదో ఒక మాట చెప్పి లాక్కోవాలి. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాను. మిషను దగ్గర తల్లి వెనక్కి తిరిగి చూసింది. అక్కడే నిలబడిపోయింది. జిరాక్సు మిషను అదే ఫొటోను మళ్ళీ మళ్ళీ బయటికి తోస్తూనే ఉంది.

పాప రెండో పేజీ కూడా చదివింది. కింద తేదీ దగ్గర ఆగింది.

"అమ్మా, ఇది ఎండాకాలం సెలవుల్లో కదూ" అంది. "మనం టౌనుకెళ్ళాం. ఒక పేద్ద మెట్లున్న బిల్డింగు. వచ్చేటప్పుడు నాకు రెండు ఐస్‌క్రీములు కొన్నావు. ఎప్పుడూ ఒక్కటే కొనేదానివి."

తల్లి తల ఊపింది.

"నువ్వు తినలేదు" అంది పాప. కాగితాన్ని మడత పెట్టకుండా, ఎలా ఉందో అలాగే బల్ల మీద పెట్టి, దాని అంచు బల్ల అంచుకు సరిగ్గా జరిపింది.

నేను కీబోర్డు ముందుకు లాక్కున్నాను. పేరు కొట్టాను. పుట్టిన తేదీ కొట్టాను. తరువాతి గడి తండ్రి పేరు. వేళ్ళు అక్కడ ఆగాయి. తల్లి వైపు చూశాను, ఆమె కూతురి వైపు చూస్తోంది. ఉస్తాద్ కూడా పని ఆపాడు.

పాప నా తెర వైపు వంగి, ఖాళీ గడిని చూసి, నా వైపు చూసింది.

"రాయండి తాతా" అంది. "ఆ పేరే రాయండి. మా అమ్మ పేరుక్కూడా గడి ఉంటుంది కదా, అది ఎక్కడా?"

తరువాతి పేజీలో ఉందని చూపించాను. అయితే ముందు అక్కడికి వెళ్ళమంది. ఆ గడిలో ఆమె ఒక్కో అక్షరం చెబుతుంటే, నేను ఒక్కో అక్షరం కొట్టాను.